ఎండాకుతోని ఏం చేస్తరన్నా? మా ఆకు పని గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హన్మకొండలో ఒక యూనివర్సిటీ క్యాంపస్‌ల మొదలైన చిన్న స్టార్టప్. రాలిన ఎండాకు, బీడీలు చేసినంక మిగిలే తునికాకు ముక్కలు, పసుపు తవ్వేటప్పుడు కోసి పారేసే ఆకు, ఇట్లాంటివి తీసుకొని నర్సరీ కప్పులు, చేతి కాగితం, బొగ్గు, ఎరువు తయారుచేస్తం. ఫోన్లు, వాట్సాప్ మెసేజ్‌లు, స్టాల్ పెట్టిన ప్రతి కాడ ఒకటే రకం ప్రశ్నలు వస్తున్నయి కాబట్టి అన్నీ ఒక్క కాడ రాసి పెడ్తున్నం. కొన్ని జవాబులు పొడుగైనయి, ఓపిగ్గా చదువుండ్రి.

అసలు ఇది ఎట్ల మొదలైంది?

మా క్యాంపస్‌ల వేప, కానుగ, రావి, నిద్రగన్నేరు చెట్లు మస్తుగ ఉన్నయి, సంక్రాంతి దాటినంక మొదలుపెడితే ఉగాది దాకా రాలుడే రాలుడు. పొద్దుగాల ఊడ్చిన కుప్పలకు పొద్దుమూకి నిప్పు పెట్టేది, ఆ పొగ హాస్టల్ కిటికీలల్ల నుంచి లోపలికొచ్చి బట్టలకు, మెత్తలకు పట్టేది, మా దోస్తు ఒకడికి ఆస్తమా ఉండె, వాడు ఆ రెండు నెలలు రాత్రి పూట ఊపిరి పీల్చుకునే పంపు (ఇన్హేలర్) పక్కన పెట్టుకొనే పండుకునేటోడు. ఒకరోజు ఊడ్చే అక్కను అడిగినం, ఎందుకక్కా కాలవెడ్తున్నవ్ అని. ఎత్తుకపోయే బండి రాదు బిడ్డా, కుప్ప అట్లనే ఉంచితే గాలికి మళ్ల లేస్తది, మళ్ల నన్నే ఊడ్వమంటరు అన్నది. ఆమెకు వేరే దారి ఎవ్వరూ చూపియ్యలే. ఆ ఆకు పోవడానికి ఒక జాగా చూపిద్దాం అని మొదలుపెట్టినం, ప్రొడక్ట్‌ల సంగతి ఆ తర్వాత వచ్చింది.

ఆకే కదా, కాలిస్తే ఏమైతది? మా తాతల కాలం నుంచి కాలుస్తనే ఉన్నం కదా.

ఈ ప్రశ్న కోపంగ అడిగేటోళ్లు కూడా ఉన్నరు, కానీ న్యాయమైన ప్రశ్నే. కుప్ప వేసిన ఆకు భగ్గున మండదు, లోపలికి గాలి ఆడక గంటలకొద్దీ రాజుకుంట ఉంటది, అట్ల సగం సగం కాలినప్పుడే కార్బన్ మోనాక్సైడ్, సన్నటి పొగ రేణువులు ఎక్కువ వస్తయి, అవి ఊపిరితిత్తుల లోపలి దాకా పోతయి. తాతల కాలంల ఇంటి ముంగట ఒక్క వేప చెట్టు, చుట్టూ ఖాళీ జాగా. ఇప్పుడు ఆ కుప్పల్ల పాల ప్యాకెట్లు, గుట్కా కవర్లు, థర్మాకోల్ ముక్కలు కలుస్తున్నయి, పక్కనే మూడంతస్తుల బిల్డింగులు. చట్టం సంగతికొస్తే 2016 ఘన వ్యర్థాల రూల్స్ లనే చెత్త కాలవెట్టొద్దని రాసి ఉండె, అదే సంవత్సరం డిసెంబర్‌ల పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్, బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంల కాలిస్తే 25,000 జరిమానా అని ఆర్డర్ ఇచ్చింది. కానీ జరిమానాతోని ఆగేది కాదిది, ఆకు తీసుకపోయే బండి వస్తే ఆగుతది. ఇది మాత్రం మేం కండ్లార చూసినం.

ఏ ఆకులు తీసుకుంటరు?

క్యాంపస్‌లు, కాలనీలు, గుళ్ల నుంచి వచ్చే కానుగ, రావి, మర్రి, మామిడి, వేప, టేకు ఆకు తీసుకుంటం. తునికాకు ముక్కలు తీసుకుంటం. పసుపు ఆకు సీజన్‌ల తీసుకుంటం.

గన్నేరు, జిల్లేడు ఆకు వేరేగ కట్టి ఇస్తే బొగ్గుకు పంపుతం, వేరేవాటిల కలిపితే ఆ బస్తా మొత్తం పక్కన పెట్టాల్సి వస్తది ఎందుకంటే అవి విషపు ఆకులు, తెలియకుండ ఎక్కడికి పోతయో చెప్పలేం. వయ్యారిభామ పూతకొచ్చింది అస్సలు తేవొద్దు, ఆ గింజలు మా ఎరువుల నుంచి మళ్ల మీ పొలానికే వస్తయి. జామాయిల్ ఆకుల వేరే మొక్కల్ని పెరగనియ్యని గుణం ఉంటది, కాబట్టి అది ఎరువుల కలపం. మెయిన్ రోడ్డు డివైడర్ల మీద ఊడ్చిన ఆకు కూడా ఎరువుకు వద్దనే అనుకున్నం, దానిల దుమ్ము, టైర్ల పొడి, బండ్ల నుంచి కారిన నూనె అన్నీ ఉంటయి.

బీడీ ఆకు ముక్కలతోని ఏం చేస్తరు? అవి పొయ్యిల వేసుకునేవే కదా?

ఇది మాకు బాగా దగ్గరి పని, కొంచెం వివరంగ చెప్తం. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి దిక్కు ఎన్ని ఇండ్లల్ల బీడీలు చేస్తరో మీకు తెలుసు. ఆ ఇండ్లల్ల ఒక గంట కూసుంటే అర్థమైతది. ముందురోజు రాత్రి ఆకును తడిపి గోనె సంచిల చుట్టి పెడ్తరు, పొద్దుగాల మెత్తగైన ఆకును ఒడిల వేసుకొని, చిన్న రేకు ముక్కను ఆకు మీద కొలతగ ఆనించి కత్తెరతోని చుట్టూ టకటక కత్తిరిస్తరు. మంచి ఆకైతే రెండు ముక్కలొస్తయి, చిన్నదైతే ఒక్కటే. ఈనె లావుగున్న కాడ, పురుగు తిన్న కాడ, అంచులు, తొడిమె అన్నీ ఒడిల నుంచి జారి కిందపడ్తయి. పొద్దంత అట్ల కత్తిరిస్తే ఆ అక్క చుట్టూ ఒక చిన్న కుప్ప తయారైతది, సాయంత్రానికి అది పొయ్యిలకో, పెంటకుప్ప మీదికో పోతది.

ఆ ఆకు ఎంత కష్టపడి వచ్చిందో చూడుండ్రి. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ అడవులల్ల ఏప్రిల్, మే నెలల ఎండల తెల్లారకముందే పోయి కోసి, 50 ఆకులు ఒక కట్ట కట్టి, కల్లంల ఎండబెట్టి, 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగ్ కింద లెక్కేస్తరు, అంటే బ్యాగ్‌కు 50 వేల ఆకులు, ఒక్కొక్కటీ చేతితోని కోసిందే. అంత కష్టం చేసిన ఆకుల చాలా భాగం కత్తెర కింద పడిపోతుంటే చూసి ఊకోలేకపోయినం.

తునికాకుల టానిన్ ఎక్కువ, అందుకే నమిలితే వగరుగ ఉంటది. ఆ టానిన్ వల్ల ఎరువు కావడానికి ఎక్కువ రోజులు పడ్తది కానీ బొగ్గుకు, రంగుకు బాగా పనికొస్తది. ముక్కలు పొడిగ, తంబాకు పొడి కలవకుండ ఉంటే రంగుకు తీసుకుంటం. తంబాకు కలిసిందైతే బొగ్గుకే, వేరే దేనికీ వాడం, పశువుల మేతల అయితే అసలే కలపొద్దు. తూకం వేసి ఆ అక్కల చేతికే పైసలిస్తం, నడిమిల ఎవ్వరూ ఉండరు, ఇది మేం పెట్టుకున్న మొదటి రూలు.

అడవిల ఎండాకు మస్తుగ ఉంటది, ఏరుకొస్తే కొంటరా?

కొనం. అడవిల రాలిన ఆకు అక్కడే మురిగి ఆ చెట్లకే ఎరువైతది, వాన నీళ్లు భూమిల ఇంకేటట్లు చేస్తది, దాన్ని ఊడ్చుకొస్తే రెండు మూడేండ్లల్ల నేల గట్టిపడ్తది. పైగా తునికాకు సేకరణ అటవీశాఖ చేతుల ఉంటది, వేలం పాటల ద్వారా నడుస్తది, మనిష్టం వచ్చినట్టు కోసుకొచ్చేది కాదు. సిమెంటు మీద, తారు రోడ్డు మీద, కాలేజీ గ్రౌండ్ల మీద పడి మట్టిల కలిసే అవకాశం లేని ఆకే మాకు కావాలె. మీ ఇంటి వెనక చెట్టు కింద మట్టే ఉంటే ఆ ఆకు కూడా ఆడనే ఉంచుండ్రి, మాకు ఇయ్యకున్నా ఫర్వాలే.

విస్తర్లు కూడా ఎండాకుతోనే చేస్తరా?

చేయం, ఇక్కడ చాలామంది పొరపాటు పడ్తరు. విస్తరి కుట్టేది చెట్టు మీద నుంచి కోసిన పచ్చి మోదుగాకుతోని, మా దిక్కు మోతుకాకు అంటరు. రాలిన ఆకు పెళుసు, వేలితోని వంచితే పటుక్కుమంటది, దాంతోని విస్తరి కాదు. ములుగు దిక్కు ఊళ్లల్ల ఆడోళ్లు ఆకు కోసి పుల్లలతోని కుట్టి ఇస్తే మేం వాటిని వేడి ప్రెస్‌ల పెట్టి గుంట ప్లేట్లు, డొప్పలు చేస్తం, అంతే. ఆకు కోసేటప్పుడు కొమ్మకు సగం ఉంచి కోయమని చెప్తం, చెట్టంతా దూసేస్తే మళ్ల ఏడాది ఆకు చిన్నగొస్తది. ప్రెస్ చేసినంక మిగిలే అంచులు మాత్రం మా బొగ్గు డ్రమ్ముకు పోతయి.

బజార్ల దొరికే ఆకు ప్లేట్లకు, వీటికి తేడా ఎట్ల గుర్తుపట్టాలె?

చింపి చూడుండ్రి. పచ్చగ అరిటాకు బొమ్మ ముద్రించిన పేపర్ ప్లేటును మెల్లగ చింపితే అంచుల సన్నటి పొర సాగుతది, అది ప్లాస్టిక్. చింపరాకపోతే ఒక గిన్నెల వేడినీళ్లు పోసి అందుల రాత్రంత నానబెట్టుండ్రి, కాగితం ముద్దగై కింద పడ్తది, పొర పైన తేలుతది. కొన్ని విస్తర్లకు పైన నిజమైన ఆకే ఉంటది కానీ కింద అతికించిన అట్టకు ఆ పొర ఉంటది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు బంద్ అయినయి కానీ ఈ పూత ప్లేట్లు మాత్రం ఫంక్షన్ హాళ్లల్ల నడుస్తనే ఉన్నయి. పంటల వ్యర్థాలతోని చేసిన తినే పాత్రలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2023ల ఐఎస్ 18267 అని ఒక స్టాండర్డ్ తెచ్చింది, పెద్ద ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఎవరి దగ్గర కొన్నా సరే ఆ టెస్టు రిపోర్టు అడగండి, మమ్మల్ని కూడా అడగండి.

మరి రాలిన ఆకుతోని మీరు ఎక్కువ చేసేది ఏంది?

నర్సరీ కప్పులు. ఎండాకును మెషిన్‌ల పొడి చేసి, రద్దీ పేపర్ నానబెట్టిన గుజ్జు, గంజి కలిపి, అచ్చుల నొక్కి ఎండబెడ్తం. చూడడానికి మట్టి రంగుల, కొంచెం గరుకుగ ఉంటది, చేతిల పట్టుకుంటే ఆకు ముక్కలు కనబడ్తయి. మొక్క పెంచినంక కవర్ చింపే పని లేదు, కప్పుతో సహా గుంతల పెట్టేయొచ్చు, వేర్లు కప్పును చీల్చుకొని బయటికొస్తయి, కప్పు మురిగిపోతది.

దీని మీద ఎందుకింత పట్టుబట్టినమంటే, 2015ల హరితహారం (సర్కారు మొక్కలు నాటే పథకం) మొదలైనంక ఊరూరికీ నర్సరీ వచ్చింది, ప్రతి మొక్కా నల్ల ప్లాస్టిక్ కవర్ల పెరిగిందే. మొక్కలు పెట్టిన రోజు సాయంత్రం ఆ రోడ్డెంబడి పోతే గుంతకొక చినిగిన నల్ల కవరు పడి ఉంటది, కొన్ని కవర్‌తోనే పాతిపెట్టేస్తరు, దాని వేర్లు లోపలే చుట్టుకొని మొక్క చచ్చిపోతది. కప్పుకు ఒక ఇబ్బంది ఉన్నమాట నిజం, రోజూ నీళ్లు పోస్తే రెండు నెలలకు మెత్తబడ్తది. కూరగాయ నారు, బంతి, మిరప నారుకు అది చాలు. ఏడాది నర్సరీల ఉండే వేప, చింత మొక్కలకు సరిపోదు, అట్లాంటి ఆర్డర్ వస్తే వద్దనే చెప్తున్నం.

ఆకుతోని కాగితం అయితదా? నోట్ బుక్ చేయొచ్చా?

కాగితం అయితది కానీ ఒక్క ఆకుతోనే అయితే గట్టి కాగితం కాదు. కాగితానికి కావాల్సింది సెల్యులోజ్ పోగు. కర్రల ఆ పోగు ఎక్కువ, ఆకుల తక్కువ, ఉన్నది కూడా పొట్టిగ ఉంటది, పైగా మైనం, బూడిద పదార్థం ఎక్కువ. ఒక్క ఆకు గుజ్జుతోని షీట్ తీస్తే ఎండినంక అప్పడం లెక్క విరుగుతది. మనది పత్తి జిల్లా కదా, జిన్నింగ్ మిల్లులల్ల, దర్జీల దగ్గర మిగిలే దూది, గుడ్డ ముక్కలు తెచ్చి కలిపినం, పత్తి పోగు పొడుగ్గ ఉంటది, ఆకును అదే పట్టుకుంటది. అట్ల కలిపినంక వచ్చిన కాగితం పెండ్లి కార్డులకు, ఫైల్ కవర్లకు, గిఫ్ట్ కవర్లకు బాగుంటది. నోట్ బుక్‌కు వద్దు, గరుకు మీద పెన్ను తట్టుకుంటది, సిరా పీల్చేసుకుంటది.

ఆకును ఉడకబెట్టడానికి కాస్టిక్ సోడా వాడాలె, ఉడికినంక నల్లటి నీళ్లు మిగుల్తయి. కాగితం పనిల అసలు గోస ఆ నీళ్లే. కుంటల వదిలితే చేపలు చస్తయి. అందుకే మేం సోడా తగ్గించి ఎక్కువసేపు నానబెట్టి ఉడకబెడ్తున్నం, కడిగిన నీళ్లను మళ్ల తర్వాతి ఉడుకుకు వాడ్తున్నం, మిగిలినదాన్ని న్యూట్రల్ చేసి టెస్టు చేయకుండ బయటికి పోనియ్యం. ఈ కారణంగనే కాగితం నెలకు కొంచెమే చేస్తం, ఎక్కువ చేయమని అడిగేటోళ్లు ఈ సంగతి అర్థం చేసుకోవాలె.

కాగితం మనకు కొత్త కాదు. నిజాం కాలంల 1938ల పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు వల్లనే ఆ ఊరు కాగజ్‌నగర్ అయింది. అది 2014ల మూతబడి 2018ల మళ్ల తెరుచుకుంది. మంగపేట దగ్గర కమలాపురంల బట్టల నూలుకు వాడే గుజ్జు చేసే ఫ్యాక్టరీ ఉండె, అది కూడా 2014ల ఆగిపోయింది. మాకు గుజ్జు పని నేర్పిన పెద్దమనిషి అట్లాంటి ఒక మిల్లుల ముప్పై ఏండ్లు చేసినాయినే, గుజ్జును రెండు వేళ్ల మధ్య నలిపి ఇంక పది నిమిషాలు ఉడకాలె అని చెప్తడు, మా ల్యాబ్ మీటర్ కూడా అదే చెప్తది.

బొగ్గు ఎట్ల చేస్తరు? అది కూడా కాలవెట్టుడే కదా?

గాలి తగిలేటట్లు కాలిస్తే బూడిద అయితది, గాలి తక్కువ పెట్టి కాలిస్తే బొగ్గు అయితది, తేడా అంత వరకే. మేం 200 లీటర్ల ఇనుప డ్రమ్ము వాడ్తం. ఉత్త ఆకు నింపితే అది పొరలు పొరలుగ అంటుకొని లోపలికి వేడి పోదు, అందుకని సన్న పుల్లలు, పత్తి కట్టె ముక్కలు నడుమ నడుమ వేస్తం. పై నుంచి అంటిస్తం. మొదట తెల్లటి దట్టమైన పొగ వస్తది, అది ఆకుల ఉన్న తేమ. కొంచెంసేపటికి పొగ పసుపు రంగుకు తిరుగుతది, ఘాటు వాసన వస్తది, అప్పుడు పై మంట ఆరకుండ చూసుకోవాలె, ఆ మంటే పొగను కాలుస్తది. పొగ పలచబడి నీలంగ, దాదాపు కనబడకుండ అయినప్పుడు లోపల బొగ్గు అయినట్టు. ఇంక ఒక్క నిమిషం ఆగినా బూడిద మొదలైతది, వెంటనే నీళ్లు పోసి చల్లార్చాలె. ఆ నీళ్లు పడ్డప్పుడు సుయ్యిమని వచ్చే ఆవిరి ముఖానికి కొట్టకుండ గాలి వచ్చే దిక్కు నిలబడాలె, కొత్తగ వచ్చిన స్టూడెంట్లకు మొట్టమొదట ఇదే నేర్పిస్తం.

సాధారణంగ 10 కిలోల పొడి ఆకుకు రెండున్నర నుంచి మూడున్నర కిలోల బొగ్గు వస్తది. ఇది 350 నుంచి 600 డిగ్రీల మధ్య వేడిల అయ్యే పని. పొడిగున్న బొగ్గును గంజితోని కలిపి ఉండలు కొడితే ఇస్త్రీ పెట్టెలకు, టీ కొట్లకు పనికొస్తది. ఆకు బొగ్గుల బూడిద కర్ర బొగ్గు కంటే ఎక్కువ వస్తది, కొనేటోళ్లకు ముందే చెప్తం, తర్వాత గొడవ ఉండొద్దు.

ఆ బొగ్గును పొలంల వేయొచ్చా? బయోచార్ అంటరు కదా?

వేయొచ్చు, కానీ ఏ నేల అన్నది చూసి వేయాలె. మన చల్క నేల, దుబ్బ నేల అయితే నీళ్లు నిలువవు, ఎరువు కిందికి కొట్టుకపోతది, అట్లాంటి నేలల బయోచార్ మంచి పని చేస్తది, దాని సన్న రంధ్రాలల్ల నీళ్లు, పోషకాలు నిలుస్తయి, మురగదు కాబట్టి ఏండ్ల తరబడి ఉంటది. రేగడి నేల అయితే తొందరపడొద్దు. బయోచార్‌కు క్షార గుణం ఉంటది, మన రేగళ్లల్ల చాలాకాడ ముందే పీహెచ్ ఎక్కువ ఉంటది, మట్టి పరీక్ష చేయించినంకనే వేయుండ్రి.

ఇంకొకటి, ఉత్త బొగ్గు వేసి ఏం కాలేదు అని ఫోన్ చేసిన రైతులు ఉన్నరు. పొడి బొగ్గు మొదట నేలల ఉన్న నత్రజనినే లాక్కుంటది. పెండ నీళ్లల్లనో, పశువుల మూత్రంలనో, జీవామృతంలనో రెండు వారాలు నానబెట్టి, లేకపోతే పశువుల ఎరువుల కలిపి మాగబెట్టి వేయాలె. మొదట ఒక రెండు గుంటల భూమిల వేసి చూడుండ్రి బాబాయ్, పక్కన వేయని సాలుతోని పోల్చుకోండ్రి, బాగుంటే మళ్ల ఏడాది పెంచుకోవచ్చు.

ఇంటి కాడ ఎరువు చేసుకుంటం, ఎన్ని నెలలు పడ్తది?

ఉత్త ఎండాకు కుప్ప వేసి వదిలేస్తే ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. ఎందుకంటే ఎండాకుల కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ, మురగబెట్టే సూక్ష్మజీవులకు రెండూ కావాలె. కార్బన్ 25 నుంచి 30 వంతులకు నత్రజని ఒక వంతు ఉంటే తొందరగ మురుగుతది. లెక్కలు పక్కన పెట్టి పని చెప్పాలంటే, ఆకును కాళ్లతోని తొక్కి చిన్నగ చేసి, ఒక పొర ఆకు, పైన పలచగ పెండ నీళ్లు, కూరగాయ తొక్కలు, ఒక పిడికెడు పాత ఎరువు, మళ్ల ఆకు, ఇట్ల నడుమెత్తు దాకా పేర్చుండ్రి. పిడికిట పిండితే చెయ్యి తడవాలె, నీళ్లు కారొద్దు. నాలుగైదు రోజులకు లోపల చెయ్యి పెడితే కాలుతది, అట్ల వేడెక్కితేనే గడ్డి విత్తనాలు చస్తయి. వారానికోసారి తిరగెయ్యాలె. రెండు మూడు నెలలకు నల్లగ, మట్టి వాసనతోని వస్తది. కుళ్లు వాసన వస్తే నీళ్లు ఎక్కువైనట్టు, ఇంత ఎండాకు కలపండ్రి.

పసుపు ఆకుతోని ఏం లాభం?

నిజామాబాద్, జగిత్యాల దిక్కు జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వుతరు, తవ్వేముందు ఆకు కోసి గట్టున వేస్తరు. పచ్చగున్నప్పుడు ఆ ఆకును ఆవిరి పట్టి నూనె తీయొచ్చు, సబ్బులల్ల, దోమల మందులల్ల వాడుకునే వాసన నూనె అది, ఎండిపోతే నూనె చాలా వరకు పోతది. 2025 జనవరిల పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగ మొదలైంది కాబట్టి కొమ్ముతో పాటు ఆకు గురించి కూడా ఎవరైనా పట్టించుకుంటరని మా ఆశ. ఇప్పటికైతే మేం చిన్న డిస్టిలేషన్ యూనిట్‌తోని ట్రయల్ మాత్రమే చేస్తున్నం, నూనె తీసినంక మిగిలిన ఆకు ఎరువుకు పోతది.

ఆకు నుంచి రంగు వస్తదా?

చిన్నప్పుడు లేత టేకు ఆకును అరచేతుల మధ్య నలిపి చేతులు ఎర్రగ చేసుకున్నరా లేదా? అదే. రాలిన టేకు ఆకు నుంచి మాత్రం ఆ ఎరుపు రాదు, గోధుమ రంగు వస్తది. తునికాకు ముక్కలు ఉడకబెట్టిన నీళ్లల్ల ఇనుప తుక్కు నానబెట్టిన నీళ్లు పోస్తే కండ్ల ముందే నల్లబడ్తది, టానిన్, ఇనుము కలిసి చేసే పని అది. నూలు రంగును ఊరికే పట్టుకోదు, ముందు కరక్కాయ, పటికతోని తయారుచేయాలె. కొత్తవాడల నేసే వరంగల్ దర్రీలకు (జంపఖానాలకు) 2018ల జీఐ, అంటే ఈ ఊరి సరుకే అన్న గుర్తింపు వచ్చింది కదా, అక్కడి ఒక నేతన్నతోని కలిసి మా నలుపు, గోధుమ రంగు నూలుతోని ఒక చిన్న దర్రీ నేయించినం. ఉతికితే కొంచెం రంగు దిగింది. ఆ దిగుడు ఆగేదాకా అమ్మం.

బండి పంపిస్తరా? రేటు ఎంత?

హన్మకొండ, వరంగల్, కాజీపేట లోపల పది బస్తాలు దాటితే బండి పంపిస్తం. రేటు తేమను బట్టి ఉంటది కాబట్టి ఇక్కడ రాయట్లే, బస్తా దించినంక మీ ముందే తేమ చూసి, తూకం వేసి చెప్తం. దూరం నుంచి ఉత్త ఎండాకు ట్రాక్టర్ల తెస్తమనేటోళ్లకు ఒక మాట. వదులు ఎండాకు ఒక క్యూబిక్ మీటరుకు ఇంచుమించు 50 కిలోలే తూగుతది, ట్రాలీ నిండా కుప్పగ కనబడ్తది కానీ డీజిల్ పైసలు కూడా రావు. అదే పొడి చేసి గట్టిగ నొక్కితే అదే జాగాల 600 కిలోలు దాటి పడ్తది. అందుకే దూరం ఊళ్లల్ల మేం ఆకు కొనం, అక్కడే ఒక గ్రూపుకు డ్రమ్ములు, పొడి మెషిన్ పెట్టించి తయారైన సరుకు కొంటం.

మీకు దెబ్బలు తగల్లేదా?

తగిలినయి. ఒక సంస్థ వాళ్లు ఏడాదంత ఆకు ఇస్తమని ఒప్పుకున్నరు, మేం షెడ్డు అద్దెకు తీసుకున్నం, ఇద్దరిని పనిల పెట్టుకున్నం. తీరా మార్చిల బండి పట్టుకొని పోతే ముందురోజు రాత్రి మొత్తం కాలవెట్టిర్రు, ఎవరో పెద్ద సారు వస్తున్నరని గ్రౌండ్ క్లీన్ చేయాలని చెప్పిర్రట. బూడిద ఇంకా వెచ్చగుండె. ఆ నెల ఇద్దరికి జీతాలు మా జేబుల నుంచే ఇచ్చినం. ఇంకోసారి అకాల వాన పడి షెడ్డుల ఉన్న ఆకు తడిసింది, ఎండబెడ్తం లే అని వదిలేసినం, మూడో రోజుకు బస్తాల లోపల తెల్ల బూజు, చెయ్యి పెడితే వెచ్చగ ఉంది. ఆ ఆకుతోని చేసిన కప్పులు నెల తిరగకముందే మురిగినయి, ఒక నర్సరీ ఆయన నారు మొత్తం పాడైంది, పైసలు వాపస్ ఇచ్చి, నారు కూడా కొనిచ్చినం. అప్పటి నుంచి ప్రతి బస్తా తేమ చూడకుండ లోపల పెట్టం, ఎంత తెలిసినోళ్లు తెచ్చినా సరే.

ఇట్లాంటి పని వేరే ఎవరన్నా చేస్తున్నరా?

చేస్తున్నరు, వాళ్లను చూసే మేం ధైర్యం చేసినం. ఉక్రెయిన్ యువకుడు వాలెంటిన్ ఫ్రెచ్కా పెట్టిన రిలీఫ్ పేపర్ కంపెనీ నగరాలల్ల రాలిన ఆకుతోని పేపర్ బ్యాగులు చేస్తది. కార్మెన్ హిహోసా అనే ఆమె ఫిలిప్పీన్స్‌ల అనాస ఆకు నారను చూసి పినాటెక్స్ అని తోలు లాంటి గుడ్డ తయారుచేసింది, ఒక చదరపు మీటరుకు దాదాపు 480 ఆకులు పడ్తయి. మన దగ్గర బెంగళూరు క్రైస్ట్ యూనివర్సిటీ ఇంగ్లిష్ ప్రొఫెసర్ సాజి వర్గీస్ రాలిన కొబ్బరాకుతోని స్ట్రాలు చేసిండు. వాళ్లందరూ తాము ఉన్న కాడ దొరికే ఆకుతోనే మొదలుపెట్టిర్రు. మనకు కొబ్బరి, అనాస అంతగ లేవు, తునికాకు ఉంది, పసుపు ఉంది, మోదుగ ఉంది.

మా మహిళా సంఘంల పెట్టుకోవచ్చా? పైసలు ఎక్కడి నుంచి?

పెట్టుకోవచ్చు అక్కా. ముందు విస్తరి ప్రెస్ కొనమని తొందరపెట్టేటోళ్లు ఉంటరు, కొన్న మెషిన్‌కు ఏడాదంత ఆకు దొరుకుతదా, కొనేటోడు ఎవరు, ఈ రెండూ చూసుకోకుండ అడ్వాన్స్ ఇయ్యొద్దు. మీ ఊళ్ల బీడీలు చేసే ఇండ్లు ఎక్కువుంటే బొగ్గుతోని మొదలుపెట్టండ్రి, డ్రమ్ములు తక్కువల వస్తయి.

స్టూడెంట్లకైతే కేంద్రం నిధి ప్రయాస్ స్కీమ్‌ల ప్రోటోటైప్‌కు 10 లక్షల దాకా గ్రాంటు ఉంది, 2021ల మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌ల 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చిర్రు, రెండూ ఇంక్యుబేటర్ల (కొత్త కంపెనీలకు ఊతమిచ్చే సంస్థల) ద్వారా నడిచేవే, అప్లికేషన్‌ల మీ ఐడియా కన్నా మీరు ఇప్పటిదాకా చేసిన ట్రయల్స్ ఎక్కువ చూస్తరు. ఫొటోలు, తూకాలు, ఫెయిల్ అయిన బ్యాచ్‌ల లెక్క కూడా నోట్ బుక్‌ల రాసి పెట్టుకోండ్రి.

పెండ్లికి, జాతరకు విస్తర్లు ఇస్తరా?

పెండ్లికైతే నెల ముందు చెప్పండ్రి. రెండేండ్లకోసారి వచ్చే మేడారం జాతరకు మాత్రం ఆరు నెలల ముందు చెప్పినా మేం ఒక్కళ్లం సరిపోం, ఊళ్ల గ్రూపులన్నిటినీ కలపాలె. ఇంకో ముఖ్యమైన మాట, తిన్నంక విస్తర్లను ప్లాస్టిక్ గ్లాసులతో కలిపి ఒకటే గుంతల వేస్తే ఆకు విస్తరి వాడి ఫలితం లేదు. రెండు డ్రమ్ములు పెట్టించండ్రి, విస్తర్లు ఒకదాంట్ల, మిగతావి ఒకదాంట్ల. విస్తర్ల డ్రమ్ము మేమే వచ్చి తీసుకపోతం.

ఆకు ఇయ్యాలనుకుంటే ఎట్ల పెట్టాలె?

పొద్దుగాల మంచు ఆరినంక ఊడ్వుండ్రి. ప్లాస్టిక్, రాళ్లు ఏరి, గోనె సంచిల గాని పాత యూరియా బస్తాల గాని నింపి, మూతి కట్టి, నీడకు, నేలకు తగలకుండ రెండు ఇటుకల మీద పెట్టండ్రి. ఒక ఆకును తీసి పిడికిట నలపండ్రి, గలగలమని పొడి అయితే బస్తా రెడీ, మెత్తగ మడతపడితే ఇంకో రోజు ఎండ కావాలె. పది బస్తాలు అయినంక ఫోన్ చేయండ్రి, ఊడ్చిన అక్క పేరు కూడా చెప్పండ్రి, పైసలు ఆమెకే ఇయ్యాలె.